చింతయు జాగ్రత్తయు

కొల్లేటి ప్రాంతమున చేపల చెరువు గలవానికి తెల్లవారుజామున నిద్ర చెడును. దానికి కారణము లేకపోలేదు. పగటివేళ నీటిలోని నాచు సూర్యకాంతిచే ప్రాణవాయువును పుట్టించును. రాత్రి యా నాచును, చేపలును, అడుగు బురదలోని సూక్ష్మజీవులును ఆ వాయువునే పీల్చుకొనుచుండును. తెల్లవారుటకు ముందు నీటిలో నది మిక్కిలి తక్కువగును. మబ్బు పట్టిన దినములలో మఱింత తక్కువ. చేపలు నోళ్లు తెఱచి పైకి తేలినచో పెట్టుబడి యంతయు నొక్క పూటలో నశింపవచ్చును.

ఇట్టి రైతు లిద్దరు గలరనుకొందము. ఒకడు మంచముపై దొర్లుచు, అప్పును, కూతురి పెండ్లిని తలపోయుచు తెల్లవార్చును. రెండవవాడు మూడు గంటలకు లేచి, గట్టునకు పోయి, నీటిని పరీక్షించి, వలసినచో ఏరేటరు త్రిప్పించి, వచ్చి పండుకొనును. నష్టభయ మిరువురకును సమానమే. మొదటివానిది చింత, రెండవవానిది జాగ్రత్త. ఈ భేదమును గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

భవిష్యత్తును తలపనిచో చేలకు గట్లెవరు వేసెదరని కొంద ఱడుగవచ్చును. నిజమే. చింత మొదటి క్షణమున మేలే చేయును. నిద్రించువానిని తట్టి లేపును. లేచిన వెనుక గూడ తట్టుచునే యుండుట దాని దోషము. చింతించువాడు తానేదో పని చేయుచున్నా ననుకొనును. గంటసేపటికి చూచినచో ఒక నిర్ణయము లేదు, వ్రాసిన యుత్తరము లేదు. ఆకలి మందగించును, గుండె దడదడలాడును, పిల్లలపై కోపము హెచ్చును. భయపడిన కీడు రాకపోయినచో, తాను చింతించుటచేతనే అది తప్పిపోయినదని మనస్సు నమ్మును. కావుననే యీ యలవాటు సులభముగ విడువదు.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినపుడు గోదావరి డెల్టాలో కోసిన సార్వా పంట చేలలోనే తడిసినది. అది చూచినవాని గుండె కోతల కాలమున మబ్బు కనబడినంతనే జారుట సహజము. అట్టివాడు ఒక కాగితమును నిలువున రెండుగా మడువవలెను. ఎడమ వైపున తన చేతిలోనివి వ్రాయవలెను: కూలీలను కుదుర్చుకొనుట, టార్పాలినులు తెప్పించుట, ఈ-పంట నమోదు సరిచూచుకొనుట. కుడి వైపున గాలి దిక్కు, వాన లెక్క, బజారు ధర. ఎడమ వైపువానిని రేపటిలోగా చేయవలెను. కుడి వైపువానికి సాయంకాలమున నొక అరగంట నియమించి, తక్కిన వేళల నా తలంపు వచ్చినచో ‘సాయంకాలము ర’మ్మని పంపివేయవలెను. ఇది పరిహాసముగ దోపవచ్చును గాని, మనోవైద్యులు నాలుగు దశాబ్దములుగా పరీక్షించి వాడుచున్న పద్ధతి. తాడేపల్లిగూడెపు ఉల్లి వర్తకుడు అర్ధరాత్రి ఫోనులో ధరలు చూచినందువలన మూసిన బజారులో ధర కదలదు. అతని నిద్ర మాత్రము కదలిపోవును.

కాని యన్ని చింతలును ఇంటి లోపల తీరునవి కావు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలు కొలది దినములలో ఏలూరున ఆరువందల మందికి పైగా మూర్ఛతోను, తల తిరుగుటతోను ఆసుపత్రి పాలైరి. అత్యధికులు త్వరలోనే కోలుకొనిరి. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చెప్పిరి. అనుమానము పురుగుమందుల శేషములపైకిని పోయినది. ఆ వారమున బిడ్డకు నీళ్లిచ్చుటకు జంకిన తల్లితో ‘మనస్సు నిబ్బరము చేసికొ’మ్మనుట అపహాస్యము. ఆమెకు వలసినది నీటి పరీక్ష; దాని ఫలితము తనకు తెలియు భాషలో, తన వీథిలోనే చదువుకొను వీలు. తెలియనిదానిపైననే చింత పెరుగును. నీటి పరీక్షల ఫలితములను నెలనెలా వార్డువార్డునను ప్రకటించుట పురపాలకుల విధి. అడుగుట పౌరుల విధి. 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడి, 2006లో చెరువుగట్లు తెగగొట్టబడిన కొల్లేటి గ్రామములకు హద్దుల విషయమునను ఇదే న్యాయము వర్తించును. ప్రభుత్వము స్పష్టముగ చెప్పవలసిన మాట చెప్పనిచో, దాని వడ్డీని ప్రజలు నిద్రలేమితో చెల్లింతురు.

ఇన్ని చేసినను, నెలల తరబడి నిద్ర పట్టక, కారణము లేకయే గుండె దడ తగ్గక, పనియే సాగనిచో అది రోగము. మధుమేహమునకు మందు తినుటకు సిగ్గుపడనివాడు దీనికి సిగ్గుపడనేల? 2022 అక్టోబరులో నెలకొల్పబడిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో ఉచితముగ, తెలుగుననే సలహా దొరకును. ఇంటి పెద్దలు తామే ముందు పోయినచో పిల్లలకు ధైర్యము కలుగును.

చేయదగిన పనిని ప్రొద్దుండగనే చేయుడు. అడుగదగినదానిని పదిమందితో కలిసి యడుగుడు. మిగిలినది తెల్లవారువఱకు గట్టుమీదనే యుండనిండు.