ఆర్నెల్లు ఆగండి, ఆ తర్వాతే ఇంటీరియర్

గొల్లపూడిలో మన కాంప్లెక్సు రెండో బ్లాకు తాళాలు అందుకుంటున్న వారి కోసం ఈ కాగితం.

శ్రావణంలో గృహప్రవేశాలని విన్నాం. సంతోషం. ఇప్పటికే ఇంటీరియర్ కంపెనీల కుర్రాళ్ళు టేపులు పట్టుకొని మెట్లెక్కి దిగుతున్నారు. గేటు దగ్గర రోజుకో రంగు కాగితం చేతిలో పెడుతున్నారు. వాటి మధ్య ఇదొకటి. ఇందులో డిస్కౌంటు లేదు, ఉన్నది ఒక్క మాటే. పాలు పొంగించుకోండి, కాపరం పెట్టండి, ఇంటి అలంకరణ జోలికి ఆర్నెల్ల దాకా వెళ్ళకండి.

వంటింటి అరలు, బట్టలకు బీరువా, ఫ్యాన్లు, దోమల జాలీ లేకుండా రోజు గడవదు. అవి చేయించుకోవలసిందే. నేను ఆగమంటున్నది ఫాల్స్ సీలింగు, టీవీ గోడ, వాల్‌పేపరు, సోఫా సెట్టు, ఎక్కడ చూసినా వెలిగే ఆ చిన్న చిన్న లైట్ల గురించి.

దెబ్బ తిన్నదాన్ని చెబుతున్నాను. ఇదివరకు ఊళ్ళో మరోచోట ఫ్లాటు కొన్నప్పుడు, తాళాలు చేతికి రాకముందే ఒక సంస్థకు ప్యాకేజీ మొత్తం అప్పగించేశాం. కంప్యూటర్లో బొమ్మ చూపించారు. బొమ్మలో ఇల్లు వెలిగిపోతోంది. అందులో మనుషులు లేరన్న సంగతి అప్పుడు తట్టలేదు. టీవీని తూర్పు గోడకు బిగించారు. మధ్యాహ్నం మూడు దాటితే పడమటి బాల్కనీ లోంచి ఎండ సూటిగా తెర మీద పడేది. క్రికెట్ మ్యాచ్ పెడితే మా మొహాలే మాకు కనిపించేవి. సింకు కింద అరలు ఎండీఎఫ్‌వని, అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన పలకలని, నీళ్ళు తగిలి అవి అప్పడాల్లా ఉబ్బాక తెలిసింది.

ఫాల్స్ సీలింగు కథ వేరు. పైవాళ్ళ బాత్రూం నుంచి చెమ్మ దిగుతోంది. ఉత్త స్లాబైతే రెండో రోజుకే మరక కనిపించేది. ఆ జిప్సం బోర్డు దాన్ని నెల్లాళ్ళు దాచింది. ఒక రాత్రి భోజనాల వేళ పీటంత ముక్క ఊడి సోఫా మీద పడింది. మా అత్తగారు రోజూ కూర్చునే చోట. ఆ పూట ఆవిడ మారు పెరుగు అడిగి అన్నం దగ్గరే ఉండిపోయారు కాబట్టి సరిపోయింది. పై అంతస్తు వాళ్ళకు ఫాల్స్ సీలింగు వల్ల ఎండ వేడి కొంత తగ్గుతుంది, కాదనను. కింది అంతస్తుల వాళ్ళం దేనికి వేయించుకుంటున్నామో మాత్రం నాకిప్పటికీ తెలియదు.

మూడేళ్ళ కిందట వైశాఖంలో ఈ ఇంట్లోకి వచ్చాం. వెంట తెచ్చుకున్నవి రెండు పరుపులు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, మామగారి వాలుకుర్చీ, మా అమ్మ ట్రంకు పెట్టె, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. చూడవచ్చిన వాళ్ళంతా "సామాను ఇంకా రాలేదా?" అని అడిగారు. "ఇదే సామాను" అంటే నమ్మలేదు.

ఆ నెలలోనే తెలిసింది, సాయంత్రం నాలుగింటికి ఎండ ఫ్రిజ్జు దాకా వస్తుందని. కర్టెన్లకు కొలతలిచ్చే బదులు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లాం. బాల్కనీకి నేటికీ ఎండాకాలం తడికలే, మిగతా కాలమంతా ఏమీ ఉండదు. ఆషాఢం జల్లుకు వంటింటి కిటికీ లోంచి నీళ్ళు ఎంతవరకు కొడతాయో చూశాక, అక్కడ చెక్క అల్మరా ఆలోచన మానేసి కడప రాతి పలకలు రెండు గోడలో దించాం. ఊరగాయ జాడీలు వాటి మీదే ఉంటాయి. నూనె కారితే గుడ్డ పెట్టి తుడిస్తే సరి. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఇరవై మంది వచ్చారు. సోఫా సెట్టు ఉంటే ఆరుగురు కూర్చునేవారు, మిగిలినవాళ్ళు గుమ్మంలో నిలబడి తాంబూలం పుచ్చుకొని వెళ్ళేవారు. వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా పరిస్తే అందరూ కూర్చున్నారు, ఒక పాట కూడా పాడారు. ఆ రోజే సోఫా సెట్టుకు అనుకున్న డబ్బు మిగిలింది. గోడ వారగా పొడుగు బల్ల ఒకటి చేయించి, పరుపు వేసి, పెడన కలంకారీ దుప్పటి కప్పాం. బంధువులొస్తే అదే మంచం.

ఆ దుప్పటి గురించి ఒక్క మాట. పెడన బందరు పక్కనే. అక్కడ టేకు అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. ముందు కరక్కాయ నీళ్ళలో గుడ్డ తడపాలి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే నలుపు దిగుతుంది. స్క్రీన్ ప్రింటు వేసి కలంకారీ అని అమ్మే దుప్పట్లు బజారులో బోలెడు. మొదట నేనూ అలాంటిదే ఒకటి కొని మోసపోయాను, అది ఇప్పుడు కారు తుడిచే గుడ్డ.

మా గుమ్మం పక్కన గోడకు నాలుగు చిలక్కొయ్యలున్నాయి. మా ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు దూలాలు, వాసాలు కలప వ్యాపారి లారీకెత్తుకుపోయాడు. ఇవి మాత్రం నేను సంచిలో వేసుకొచ్చాను. టేకువి. చిలక మెడ వంచి చూస్తున్నట్టు ఉంటాయి. ఒకదాని ముక్కు అరిగి నున్నబడింది, తాతగారు కండువా తగిలించింది దానికేనని మా పెద్దమ్మ చెప్పింది. వీటిని ఎక్కడ పెట్టాలో అయిదు నెలలు తెలియలేదు. పూజగదిలోనా, హాల్లో అద్దాల పెట్టెలోనా అని ఒకటే చర్చ. చివరికి చూస్తే ఇంట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ తాళాలు, గొడుగు, సంచీ ఒకే మూల పడేస్తున్నారు. ఆ మూలనే, చేతికందే ఎత్తులో కొట్టించాం. తాతగారి కండువా ఉన్నచోట ఇప్పుడు మా మనవడి స్కూలు బ్యాగు వేలాడుతోంది. మొదటి రోజునే డిజైన్ గీయించి ఉంటే అవి షోకేసులో లైటు కింద ఉండేవి.

షోకేసులంటే గుర్తొచ్చింది. ఈ మధ్య నేను వెళ్ళిన ప్రతి కొత్త ఇంట్లోనూ ఒక బుద్ధుడి తలకాయ ఉంటోంది. రెజిన్‌తో పోత పోసింది, కింద నీలం లైటు. ఎక్కడిదండీ అంటే ఆన్‌లైన్లో తెప్పించామంటారు. అమరావతి స్తూపం మన కృష్ణ ఒడ్డునే. పలనాటి సున్నపురాతి మీద మనవాళ్ళు చెక్కిన శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కొలువు తీరాయి. ఆ పల్నాడులోనే దుర్గిలో ఇవాళ్టికీ రాతి శిల్పులు పనిచేస్తున్నారు. బుద్ధుణ్ణి పెట్టుకోవద్దని నేననను. పెట్టుకునేదేదో మన ఊరి బుద్ధుణ్ణి పెట్టుకోండి.

కొండపల్లి మనకు అరగంట ప్రయాణం. రెండో బ్లాకులో ఎంతమంది బొమ్మల కాలనీకి వెళ్ళారో చేతులెత్తమంటే తెలుస్తుంది. మేమూ ఈ ఇంట్లోకి వచ్చిన ఏడు దసరా ముందే మొదటిసారి వెళ్ళాం, ఇన్నేళ్ళు విజయవాడలో ఉండి. పొనికి కర్ర చేతిలో పెడితే బరువే ఉండదు. ఏనుగు ఒళ్ళు వేరే, తొండం వేరే చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆ అతుకు కనబడకుండా వేలితో నున్నగా రుద్దుతారు. పొనికి చెట్లు తగ్గిపోతున్నాయని ప్రతి ఇంట్లోనూ అదే మాట. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ ఒకటి తెచ్చుకున్నాం. అది ఫ్రిజ్జు మీద ఉంటుంది. దుమ్ము తుడిచేటప్పుడల్లా మా ఆయన "ఇంకా దిగలేదు" అంటారు. కొండపల్లే కాదు, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులు పట్టించి చేసే బొమ్మలు 2025 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి. మా కోడలు సిద్దిపేట వైపు అమ్మాయి, చేర్యాల ఎర్ర బొమ్మ పటం ఒకటి తెచ్చి ఆమె గదిలో తగిలించుకుంది. ఈ ఇంట్లో ఏ వస్తువూ ఇంకోదానికి జత కాదు. చూసిన వాళ్ళలో సగం మందికి నచ్చదు. మిగతా సగం మంది ఎక్కువసేపు కూర్చుంటారు.

పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండి అమ్మానాన్నల కోసం ఫ్లాటు కొన్నవాళ్ళు ఈ బ్లాకులో కొందరున్నారు. వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. బాబూ, అమ్మా, వాట్సాప్‌లో వచ్చిన త్రీడీ బొమ్మ చూసి ఊఁ కొట్టకండి. ఆ నేల మీద తడి కాలితో నడవాల్సింది డెబ్బయ్యేళ్ళ మీ నాన్న. ఆ ఎత్తు తక్కువ మంచం మీంచి మోకాళ్ళ నొప్పులతో లేవాల్సింది మీ అమ్మ. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ముందు పెట్టించండి, టీవీ గోడకు పాలరాయి తర్వాత చూడొచ్చు.

నలుగురూ ఏమంటారోనన్న బెంగ నాకు తెలుసు. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళు భోజనం బాగుందా లేదా అనే అంటారు, గోడల సంగతి కారు ఎక్కేసరికే మరిచిపోతారు. ఆఫరు పోతుందన్న భయమూ వద్దు. ఉగాది ఆఫరు పోతే శ్రావణం ఆఫరు వస్తుంది, అది పోతే దసరాది. ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఒక్కసారే అయిపోతే తలనొప్పి పోతుందంటారు. ఇది న్యాయమైన మాటే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కో గది చొప్పున చేయించుకుంటే సెలవులు కాస్త ఎక్కువ పడతాయి. ఇంటి అప్పు మీద ఇంటీరియర్ అప్పు కూడా నెత్తికెత్తుకునే వాళ్ళు మాత్రం ఆ కిస్తీ మొత్తం కాగితం మీద రాసి చూసుకోండి.

అసలు అడ్డు ఇంకొకటుంది. మన అసోసియేషన్ నిబంధన ప్రకారం తాళాలు తీసుకున్న మొదటి మూడు నెలలే డ్రిల్లింగు, చెక్క పని చేయించుకోవాలి. జనాన్ని తొందరపెట్టి ప్యాకేజీల పాలు చేస్తున్నది ఈ నిబంధనే. దీన్ని ఏడాదికి పెంచాలి. రోజూ పది నుంచి అయిదు వరకు పని, ఆదివారాలు, పరీక్షల నెల బంద్. ఇలా మార్చాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. మొదటి బ్లాకులో కొందరు సరేనన్నారు. మీరూ వచ్చి చెయ్యెత్తండి.

నమ్మకం కుదరకపోతే ఆదివారం పొద్దున మా ఇల్లు చూసి వెళ్ళండి. మొదటి బ్లాకు మూడో అంతస్తులో, ఉగాది నాటి మామిడాకులు ఎండిపోయి ఇంకా వేలాడుతున్న గుమ్మం మాదే. కాఫీ ఇస్తాం. వాలుకుర్చీలో మాత్రం కూర్చోకండి, కర్ర వదులైంది.