సామదానములు, దండము: ఒక తండ్రి ప్రశ్న

2025 మే మాసంలో సరిహద్దున యుద్ధవాతావరణం నెలకొన్న దినములలో, సైన్యంలో ఉన్న కుమారుని పేర అర్చన చేయించుకొనుటకు ఒక గృహస్థు మా ఆలయానికి వచ్చారు. తీర్థం స్వీకరించి ఆవేదనతో అడిగారు: "పంతులుగారూ, 2023లో తుర్కియే భూకంపానికి మనవారు వెళ్ళి ప్రాణాలు నిలిపారు. నేడు ఆ దేశం పాకిస్తాన్ పక్షాన నిలిచింది. అది అపాత్రదానం కాదా? ఆ ధనంతో ఆయుధాలు కొనుక్కోవచ్చు గదా?"

తండ్రి హృదయం నుండి వచ్చిన ప్రశ్న అది. తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను శాస్త్రదృష్టితో విచారిస్తే, దానమనే ఒకే శబ్దంలో రెండు భిన్న విషయాలున్నవి.

మొదటిది ధర్మరూపమైన దానం. ప్రత్యుపకారాన్ని ఆశింపక, దేశకాలపాత్రములెరిగి ఇచ్చునది సాత్త్వికమని గీతాచార్యుని బోధ. శిథిలాల క్రింద చిక్కిన శిశువుకు విదేశాంగ విధానం ఉండదు. ఆ క్షణాన ఆ శిశువే పాత్రం. "ఆపరేషన్ దోస్త్" పేర మన విపత్తు దళాలు, సైనిక వైద్యులు చేసిన సేవ అట్టిది. ప్రతిఫలం రాలేదని నేడు పశ్చాత్తాపపడితే ఆ పుణ్యాన్ని మన చేతులతో మనమే జారవిడుచుకొన్నట్లు.

రెండవది ఉపాయరూపమైన దానం. చతురోపాయములలో చేరిన ఇది రాజనీతికి చెందినది. దీనికి ఫలాపేక్ష ఉండవచ్చును, లెక్క అడుగవచ్చును. శ్రీలంకనే చూడండి. 1987 నుండి 1990 వరకు మన శాంతిసేన అక్కడ సుమారు 1,200 మంది జవానులను కోల్పోయి, ఉభయపక్షాలకూ అప్రియమై తిరిగివచ్చింది. 2022లో అదే ద్వీపం ఇంధనానికి, ఔషధాలకు అలమటించినప్పుడు భారతదేశం సుమారు 400 కోట్ల డాలర్ల సహాయాన్ని, అధికభాగం ఋణరూపంలో, అందించింది. దండముతో రాని సౌహార్దం దానముతో కొంత వచ్చింది. అయినను అదే ఆగస్టులో చైనా నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌తోట రేవుకు చేరనే చేరింది. దానం మనసును దగ్గర చేయగలదు గాని కొనలేదు.

ఇక వ్యయం మాట. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. విదేశాంగశాఖ మొత్తానికి సుమారు 20,500 కోట్లు. అందులో అన్యదేశాల సహాయానికి సుమారు 5,500 కోట్లు. రక్షణకు రూపాయి అయితే సహాయానికి పైసా కూడా లేదు. ఈ సహాయాన్ని పూర్తిగా మాన్పినా సేనకు చేరునది అత్యల్పం. భూటాన్, నేపాల్, మాల్దీవుల వాకిట మనం కోల్పోవునది అనల్పం.

దండం వలదని నా అభిప్రాయం కాదు. ఉపప్లావ్యంలో సేనలు సమకూడుచుండగానే శ్రీకృష్ణపరమాత్మ హస్తినకు దూతగా వెళ్ళాడు. వెనుక సేన లేకుంటే దూత మాటకు బరువుండదు. దూతను పంపకనే యుద్ధానికి దిగితే, చిందిన రక్తానికి ధర్మం సాక్ష్యం పలుకదు. కనుక రక్షణవ్యయాన్ని తగ్గింపక, సామదానములకు మరికొంత పెంచుట యుక్తం. ఉపాయదానానికి ఏటా ఫలవిచారణ జరగాలి. ఆపన్నులకిచ్చే దానానికి మాత్రం లెక్క చూడరాదు.

ఆ తండ్రితో ఇంతే అన్నాను: "మీ అబ్బాయి ఆయుధమెత్తవలసిన దినములు తగ్గడానికే నాయనా, ఆ కొద్ది ధనం." ఆయన మారు పలుకక, కుమారునికి పంపడానికి అక్షతలు కాగితంలో పొట్లం కట్టుకొని వెళ్ళారు.

స్వస్తి.