నీళ్ళున్న చోటే నెత్తురెందుకు పారింది?

మాది గుంతకల్లు అనగానే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న - "మీ వైపు ఇంకా బాంబులేసుకుంటారా?" సమరసింహారెడ్డి వచ్చింది 1999లో. పాతికేళ్ళు దాటినా ఆ సుమోలు జనం బుర్రల్లోంచి దిగలేదు! సీమలో ఫ్యాక్షన్ లేదని నేననను. నా గొడవంతా దాన్నుంచి పుట్టిన ఒక సిద్ధాంతంతో. కరువు నేల, చదువు లేని జనం, అందుకే నరుక్కుంటారు.. నీళ్ళిచ్చి, బడి పెట్టి, నాలుగు కంపెనీలు తెస్తే అన్నీ సర్దుకుంటాయట. మన లంచ్ టేబుళ్ళ దగ్గర దీనికి ఎదురే లేదు.

శుద్ధ తప్పు. మన రాష్ట్రంలో కూలీల మీద, పేద రైతుల మీద జరిగిన మూడు ఊచకోతలు చూడండి. మూడూ సీమలో జరిగినవి కావు.

కరంచేడు, అప్పటి ప్రకాశం జిల్లా, 1985 జూలై 17. పొగాకు, పత్తి పండే డబ్బున్న ఊరు. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు గొడవ మొదలైంది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయారు.

చుండూరు, అప్పటి గుంటూరు జిల్లా, 1991 ఆగస్టు 6. తెనాలి పక్కన, కృష్ణా డెల్టా. సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటాయనకి తగిలిందని రగడ. తర్వాత సాంఘిక బహిష్కారం. చివరికి ఎనిమిది మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు.

లక్ష్మీపేట, అప్పటి శ్రీకాకుళం జిల్లా, 2012 జూన్ 12. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకున్న భూమిలో మునగకుండా మిగిలినదాన్ని దళితులు సాగు చేసుకుంటున్నారు. ఐదుగుర్ని చంపారు.

ఇక్కడ కరువెక్కడుంది? తమిళనాడులో కీళ్వెణ్మణి కూడా కావేరీ డెల్టానే. 1968 డిసెంబరు 25న అక్కడ 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చేశారు. నేపథ్యం కూలి పెంచమని అడగడం. అంటే కిందివాడు ఆకలితో నోరు మూసుకున్నంత కాలం ఊరు "ప్రశాంతం"గానే ఉంటుంది. నీళ్ళు మావి, సీటు నాది, కూలి పెంచు, భూమి వదలం అన్న రోజే కత్తులు లేస్తాయి.

ఇదంతా ఒక కులాన్ని తిట్టడానికి రాస్తున్నానని ఎవరైనా మీద పడకముందే చెప్తున్నా. ఊళ్ళో పెత్తనం ప్రధానంగా కరంచేడులో కమ్మవారిది, చుండూరులో రెడ్లది, లక్ష్మీపేటలో తూర్పు కాపులది. కులం పేరు మారింది, పద్ధతి మారలేదు. దీన్ని పట్టుకుని "ఇరువర్గాల ఘర్షణ" అంటే ఎట్లా? శవాలన్నీ ఒకే పేటవైతే రెండో వర్గం ఏం ఘర్షణ పడినట్టు?

ఇక "అట్రాసిటీ చట్టం దుర్వినియోగం" అని మెయిళ్ళు ఫార్వర్డు చేసే మిత్రులకి. ఆ చట్టం వచ్చిందే 1989లో, కరంచేడు తర్వాత. కరంచేడు కేసులో సుప్రీం కోర్టు శిక్షలు వేసేసరికి 2008, అంటే 23 ఏళ్ళు. చుండూరు కేసుకి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మరి ఆ ఎనిమిది మందీ వాళ్ళంతట వాళ్ళే గోతాల్లో దూరారా? ప్రొడక్షన్‌లో చిన్న బగ్ వస్తే తెల్లారేలోపు రూట్ కాజ్ అడిగే మనం, ఇక్కడ మాత్రం "క్లోజ్డ్" అని పెట్టేసి వెళ్ళిపోతాం.

ఇదంతా పాత చరిత్ర అనకండి. హంద్రీ-నీవా కాలవతో 2012లో కృష్ణా నీళ్ళు అనంతపురం జిల్లాలోకొచ్చాయి. నీళ్ళు రావాల్సిందే, మా నేల తరాలుగా ఎండింది. కానీ నీళ్ళతో పాటు భూమికి ధరా వస్తుంది. ఎవరికీ అక్కర్లేని రోజుల్లో దళితులకిచ్చిన డీ-పట్టా చెలకల మీద అందరి కళ్ళూ పడతాయి. ఆ భూములు చేతులు మారకుండా 1977లో చట్టం చేశారు, 2023లో దాన్ని సడలించారు. కొనేవాళ్ళలో శని, ఆదివారాలు కార్లేసుకొచ్చే మన ఐటీ వాళ్ళూ ఉంటారు.

కొనుక్కోండి, ఎవరొద్దన్నారు? కాకపోతే ఈసీ, అడంగల్ చూసి ఊరుకోకుండా, ఆ చేను నిన్నటిదాకా దున్నింది ఎవరో, వాళ్ళు ఇష్టంగా వదిలారో, ఎవరి బెదిరింపుకో వదిలారో ఊళ్ళోకెళ్ళి అడగండి. మధ్యవర్తిని కాదు, ఆ పేటలో అడగండి. వాళ్ళు చెప్పడానికి భయపడుతుంటే మీ అడ్వాన్సు వెనక్కి తీసుకోండి.