అత్తవారి దేశమునకు పయనము

గత మాఘమాసమున మా బంధువుల యింట నొక పయనపు సన్నాహమును జూచితిమి. పెండ్లియై నెల తిరుగలేదు. పిల్ల అమెరికాకు భర్తకడకు పోవలెను. నట్టింట రెండు పెట్టెలు తెఱచియున్నవి. ఒక్కొక్కటి 23 కిలోలకు మించరాదని విమానమువారి నియమము. తండ్రి త్రాసు చేతబట్టి కూర్చుండెను. తల్లి ఆవకాయ, కందిపొడి, అరిసెలు పొట్లములు కట్టుచుండెను; మేనత్త పట్టుచీరలు మడచుచుండెను. తూనిక హెచ్చినదని ఇంగువడబ్బా తీసివైచిరి, మనసొప్పక మరల బెట్టిరి. ఈ తూనికతోనే యొక పగలు గడచిపోయెను.

మేము పిల్లనడిగితిమి: "అమ్మాయీ, నీది యే వీసా? దాని గడువెప్పటివఱకు?"

ఆమె యెం.టెక్. పట్టభద్రురాలు. "అవన్నియు వారే చూచుకొందురు, బాబాయిగారూ!" అని నవ్వెను. తండ్రివంక జూచితిమి. ఆయన త్రాసువంక జూచెను.

మేము నిందించునది పిల్లను గాదు. బిడ్డను పదునేడేండ్లు చదివించి, తన బ్రతుకును నిర్ణయించు నాలుగు కాగితములను చదువనక్కఱ లేదని నేర్పిన పెద్దలను నిందించుచున్నాము. ఆ పెద్దలలో మనమందఱమును గలము.

ఆ వీసాను హెచ్-4 అందురు. అది స్వతంత్రమైన అనుమతి గాదు. భర్తకు గల హెచ్-1బి యను ఉద్యోగపుటనుమతిని నీడవలె నంటియుండును. దానితో నామె యచట నివసింపవచ్చును, చదువుకొనవచ్చును. వేతనమునకు పని చేయరాదు. భర్త శాశ్వతనివాసమునకై నడుపు వ్యవహారము కొంతదూరము సాగిన పిమ్మట, అట్టి భార్యలలో కొందఱకు పనిచేయు అనుమతి నిచ్చుట 2015లో మొదలైనది. అంతవఱకు ఎం.టెక్. పట్టము గోడకు వ్రేలవలసినదే. ఈ సంగతి పెండ్లిచూపులనాడు ఎందఱు పిల్లలకు దెలియును? వరుని జీతము డాలరులలో నెంతయో ఇంటిల్లిపాదికిని దెలియును!

ఇట్టి ప్రశ్నలడిగిన వియ్యాలవారు అనుమానింతురని కొందఱు జంకుదురు. కట్నమిచ్చుట, పుచ్చుకొనుట 1961 నుండి నేరమైయుండగా, దానిని గూర్చి బేరమాడునప్పుడు రాని జంకు, కాగితమును జూపుమన్నప్పుడు వచ్చుట వింతగా నున్నది. భర్త మంచివాడైన ఇవన్నియు నేలయని మఱికొందఱందురు. మంచివాడే యనుకొందము. మంచివాని యుద్యోగము పోదా? పోయినచో, 2017లో వచ్చిన నియమము ననుసరించి అతనికి సాధారణముగా దొరకు గడువు 60 దినములకు మించదు. ఆ గడువే భార్యకును. ఆ సంవత్సరముననే ఫిబ్రవరిలో, కాన్సాసు రాష్ట్రమునందలి ఒలేథా పట్టణమున, మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాసు జాతిద్వేషముతో నొకడు పేల్చిన తుపాకికి బలియయ్యెను. భర్తృవియోగముతోబాటు ఆ దేశమున నిలుచు హక్కును ఆయన భార్యకు ఒక్క రాత్రిలోనే పోయెను. అందు భర్త దోషమేమున్నది? నీడ నిచ్చు చెట్టు కూలినప్పుడు నీడయు లేకపోయినది, అంతియే.

ఇక భర్త మంచివాడు కానిచో? 1975లో తిరుపతిలో వివాహమాడిన యొక భర్త, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టున విడాకుల తీర్పు తెచ్చుకొనెను. ఆ తీర్పు ఇచట చెల్లదని 1991లో మన సుప్రీముకోర్టు నిర్ణయించినది. భార్య తెలిసి, తన యిష్టముతో ఆ కోర్టు అధికారమునకు లోబడినదా యనునది అందు ముఖ్యముగా విచారింపబడినది. కాబట్టి "ఇచట సంతకము పెట్టుము" అనగానే పెట్టు పిల్ల యెంత ప్రమాదమున నున్నదో చదువరులే యూహింపగలరు. మేము పెంచుచున్నది అట్టి పిల్లలనే.

1883లో ఆనందీబాయి జోషీ వైద్యవిద్యకై భర్త తోడులేకయే కలకత్తాలో ఓడయెక్కి అమెరికాకు పోయెను. అప్పటికామెకు పదునెనిమిదేండ్లు. పయనమునకు ముందు శ్రీరామపురమున సభలో నిలిచి, తానేల పోవుచున్నదో, ఎందుకొంటరిగా పోవుచున్నదో స్వయముగా చెప్పినది. 1886లో పట్టము గైకొన్నది. సముద్రము దాటిన కులభ్రష్టత్వమను దినములవి. నేడు సముద్రము దాటుటయే గొప్ప కులమైనది. దాటు పిల్లకు మాత్రము సభలో గాదు, ఇంటిలోనైనను తన పయనమును గూర్చి చెప్పు మాట లేదు.

పెట్టె కట్టుటకు ముందు వివాహమును రిజిష్టరు చేయింపుడు. 2002 నుండి మన రాష్ట్రమున చట్టమే దానిని విధించుచున్నది. భర్త యుద్యోగపుటనుమతి పత్రమున కొక ప్రతి ఆమె చేతనుండవలెను. పాసుపోర్టు భారతప్రభుత్వపు సొత్తు, ఆమె పేర నిచ్చినది; అది అత్తగారి బీరువాలో నగలతో నుండరాదు. చదివిన విశ్వవిద్యాలయమునుండి మార్కుల పత్రములు ముద్రవేసిన కవరులలో తెప్పించుకొన్నచో అచట మరల చదువుటకు పనికివచ్చును. కారు నడుపుట ఇచటనే నేర్పుడు. అచట అనేక యూళ్లలో కారు లేనిచో కూరగాయలును రావు. ఆపదలో 911 అను సంఖ్యకు ఫోను చేయుట, చేసి తన చిరునామా తప్పులేక యింగ్లీషున చెప్పుట ఒక గంట అభ్యాసము. అన్నిటికంటె ముఖ్యము, తిరుగుటిక్కెట్టుకు సరిపడు సొమ్ము ఆమె పేరనే, ఆమెయే తీసికొనగల బ్యాంకులో నుండవలెను. ఒక పట్టుచీర తగ్గించిన చాలును.

పయనమునాటికి మేమా పిల్లకొక పలుచని సంచి యిచ్చితిమి. ఆ కాగితములు అరకిలో తూగినవి. చేతిసంచికిని తూనిక కలదు గదా! తండ్రి కొంతసేపాలోచించి, అందుండి అరిసెల పొట్లమొకటి తీసి బల్లమీద నుంచెను. తల్లి యేమియు ననలేదు.