చూడ్డానికా, చూసుకోవడానికా?

మా అమ్మ తెనాలి నుంచి బయలుదేరే ముందు పది రోజులపాటు ఫోనులో ఆమెకి ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం నేర్పించాం. హీత్రూలో ఆఫీసరు ఎందుకు వచ్చారని అడిగితే "మా మనవణ్ణి, మనవరాల్ని చూడ్డానికి వచ్చాను" అని చెప్పాలి. "చూసుకోవడానికి" అని మాత్రం పొరపాటున కూడా అనకూడదు. అమ్మకి ఈ తేడా ఎంతకీ బోధపడలేదు. "ఒట్టి చూడ్డానికే అయితే రోజూ వీడియోలో చూస్తూనే ఉన్నానుగా! మోకాళ్ళ నొప్పులతో పది గంటలు విమానంలో కూర్చుని రావడం దేనికే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అంత భయపడక్కర్లేదని తర్వాత తెలిసింది లెండి. విజిటర్ వీసా మీద వచ్చిన బంధువులు కొద్దికాలం పిల్లల్ని చూసుకోవడానికి బ్రిటన్ నిబంధనలు ఒప్పుకుంటాయి. అది ఉద్యోగంలా, జీతమిచ్చి పెట్టుకున్న ఆయా పనిలా ఉండకూడదు, అంతే. అయితే మన ఇళ్ళల్లో జరుగుతున్నది "కొద్దికాలం" అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? అమ్మ ఆరు నెలలు, ఆమె విమానం ఎక్కగానే అత్తయ్యగారు ఆరు నెలలు, మళ్ళీ అమ్మ. మన సంఘం సంక్రాంతి సంబరాలకి వచ్చిన పెద్దవాళ్ళని ఒకసారి గుర్తు చేసుకోండి. ముగ్గుల పోటీ దగ్గరా, భోజనాల వరసలోనూ సగం మంది చంకలో ఒక మనవడో మనవరాలో ఉన్నారు. వాళ్ళెవరూ లండన్ బ్రిడ్జి చూడ్డానికి రాలేదు!

మా ఇంటి సంగతే చెబుతాను. మేముండేది రెడింగ్‌లో, రెండు గదుల ఫ్లాటులో. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన వీసా. నాకూ పని చేసుకునే హక్కు ఉంది, చేశాను కూడా - ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసేదాన్ని. బాబుకి ఏప్రిల్ 4కి మూడేళ్ళు నిండుతాయి. చంటిదానికి పదో నెల.

ఒక్కడే ఉన్నప్పుడు కష్టమనుకున్నాను. ఇద్దరయ్యాక అర్థమైంది, అది సెలవుల కాలమని! వీడు పడుకుంటే అది లేస్తుంది, అది పడుకుంటే వీడు గిన్నెలు వాయిస్తాడు. ఇద్దరూ ఒకేసారి కళ్ళు మూసేది రోజుకి ఓ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నేను తినాలా, సీసాలు కడగాలా, రేడియేటర్ల మీద ఆరేసిన బట్టలు తిరగేయాలా అని ఆలోచించే లోపే ఒకటి లేస్తుంది. పాప పాకుతోంది, నేలమీద ఏది కనిపిస్తే అది నోట్లోకి. వాడి బొమ్మల్లో చిన్న చిన్న చక్రాలన్నీ బీరువా మీదకి ఎక్కించాం, వాడు వాటి కోసం కుర్చీ ఎక్కుతున్నాడు. బయటికి తీసుకెళదామంటే ఇద్దరు పట్టే బగ్గీ తొయ్యాలి. బస్సులో దాని చోట అప్పటికే ఇంకో బగ్గీ ఉంటే, వానలో నిలబడి తర్వాతి బస్సు కోసం చూడ్డమే.

అమ్మ వచ్చాక ఇంటికి ఒక పద్ధతి వచ్చింది. పొద్దున్నే రాగిజావ, పదింటికి నూనె రాసి స్నానం, మధ్యాహ్నం పప్పూ అన్నం మెత్తగా మెదిపి నెయ్యి వేసి ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి ముద్దలు. మొదటి వారంలో సాంబ్రాణి వేసింది, పొగ అలారం మోగి పైఫ్లాటు వాళ్ళు కిందికి పరిగెత్తుకొచ్చారు. అప్పటినుంచి సాంబ్రాణి మానేసి "పొగ కూడా పడని దేశం" అని గొణుక్కుంటుంది. మార్చిలో ఆమెకి ఆరు నెలలు నిండుతాయి. అత్తయ్యగారికి కిందటేడు మోకాలి ఆపరేషను జరిగింది, ఈసారి రాలేనన్నారు. నా ప్రసూతి సెలవు అదే సమయానికి అయిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లండులో చంటిపిల్లల తల్లిదండ్రుల కోసం ఇటీవల జరిగినంత పెద్ద మార్పు చాలా ఏళ్ళుగా జరగలేదు. ఆ మార్పు మా గుమ్మం ముందునుంచే వెళ్ళిపోయింది. అది ఎందుకో చూద్దాం.

2023 మార్చి 15న అప్పటి ఆర్థికమంత్రి జెరెమీ హంట్ బడ్జెటులో దీన్ని ప్రకటించారు. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల పిల్లలకి తొమ్మిది నెలల వయసు నుంచే నర్సరీలో వారానికి 30 గంటలు ప్రభుత్వ ఖర్చుతో ఇస్తారు. విడతలుగా మొదలుపెట్టారు: 2024 ఏప్రిల్‌లో రెండేళ్ళ పిల్లలకి 15 గంటలు, 2024 సెప్టెంబరులో తొమ్మిది నెలల వాళ్ళకీ 15 గంటలు. 2025 సెప్టెంబరు నుంచి అందరికీ పూర్తిగా 30. ప్రభుత్వం మారినా పథకం ఆగలేదు. ఏడాదికి 38 వారాలు ఇస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ కనీస వేతనం మీద వారానికి 16 గంటల పనికి సరిపడా సంపాదించాలి, ఏ ఒక్కరి ఆదాయమూ లక్ష పౌండ్లు దాటకూడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంకో షరతుంది. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికైనా పబ్లిక్ ఫండ్స్ తీసుకునే అర్హత ఉండాలి. మన వర్క్ వీసాల మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉండే వాక్యం ఉంది చూశారూ, అక్కడ ఆగిపోతాం. ఇద్దరూ వీసా మీదే ఉంటే 30 గంటలూ లేవు, నర్సరీ ఫీజులో ప్రతి ఎనిమిది పౌండ్లకీ రెండు పౌండ్లు ప్రభుత్వం కలిపే టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేరూ లేదు, చైల్డ్ బెనిఫిట్ సంగతి సరేసరి.

మా వీధి చివర నర్సరీలో రేటు పాపకి రోజుకి 85 పౌండ్లు, బాబుకి 78. వారానికి మూడు రోజులు పంపినా ఇద్దరికీ కలిపి నెలకి 2,100 పౌండ్లు దాటుతుంది. పూర్తికాలం చేస్తే నా చేతికి వచ్చే జీతం 1,950. అంటే ఐదు రోజులు పని చేసి, మూడు రోజుల నర్సరీకి ఎదురు డబ్బు కట్టాలన్నమాట! మా పక్కింటి అమ్మాయికీ ఇంచుమించు ఇదే వయసు పిల్లలు, అదే నర్సరీ, అదే మూడు రోజులు. బడి నడిచే వారాల్లో ఆమె కట్టేది భోజనానికీ, డైపర్లకీ మాత్రమే. ఆమె మీద నాకేమీ అసూయ లేదు. పాపం, మా బాబు ఆమె గుమ్మంలో చేసే గోలకి ఒక్కనాడూ విసుక్కోలేదు.

నర్సరీ వాళ్ళు దోచుకుంటున్నారని కూడా అనలేను. రెండేళ్ళ లోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలని ఇక్కడి చట్టం. రెండేళ్ళ వాళ్ళకయితే ఐదుగురికి ఒకరు (2023 సెప్టెంబరుకి ముందు నలుగురికే). ఒక మనిషి జీతంలో మూడో వంతు ఒక్క పసిపిల్ల ఫీజులోంచి రావాలంటే ఆ ఫీజు తక్కువెలా ఉంటుంది? 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లకీ, యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్సు 13.8 నుంచి 15 శాతానికీ పెరిగాయి. ప్రభుత్వమిచ్చే రేటు చాలకపోతే ఆ లోటుని సొంత డబ్బు కట్టేవాళ్ళ మీద సర్దుకుంటామని నర్సరీ నడిపేవాళ్ళే చెబుతుంటారు. ఇప్పుడా సొంత డబ్బు కట్టేవాళ్ళల్లో ఎక్కువ మంది ఎవరయ్యా అంటే, ఒకవైపు లక్ష దాటిన వాళ్ళు, ఇంకోవైపు మనం!

"వీసా తీసుకున్నప్పుడే ఆ షరతు రాసి ఉంది కదా, ఇప్పుడు గోల దేనికి?" అని మావారే అంటారు. సబబైన మాటే. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట తమ కాళ్ళ మీద తాము నిలబడాలని ఏ దేశమైనా అడుగుతుంది, మన దేశమూ అడుగుతుంది. నేను బియ్యం, పప్పులకి సాయం అడగడం లేదు. కానీ ఈ పథకం దానం కాదు. పిల్లల తల్లులు ఉద్యోగాలకి తిరిగి వెళ్ళాలి, పన్నులు కట్టాలి - దీని ఉద్దేశమే అది. పని చేసే హక్కు నాకు వాళ్ళే ఇచ్చారు. నా పన్నూ, నేషనల్ ఇన్సూరెన్సూ పక్కింటి అమ్మాయిలాగే కోశారు. పైగా వీసాతో పాటు ఆసుపత్రి సర్‌చార్జి కూడా ముందే కట్టాం: 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. నేను ఇంట్లో కూర్చుంటే ఖజానాకి పోయేది నా పన్నే కదా.

ఇన్నాళ్ళూ మనవాళ్ళు దీన్ని పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణముంది. "ఐదేళ్ళు ఓపిక పడితే పీఆర్ వచ్చేస్తుంది, ఆ తర్వాత అన్నీ దొరుకుతాయి" అని. ఆ ఐదేళ్ళూ అమ్మలూ అత్తయ్యలూ మోసేవారు. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం ఆ ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామంది. 2025 నవంబరు 20న హోం ఆఫీసు వివరాలతో సంప్రదింపు పత్రం విడుదల చేసింది, అభిప్రాయాలు చెప్పే గడువు 2026 ఫిబ్రవరి 12తో ముగిసింది. జీతం బాగా ఎక్కువున్న వాళ్ళకి ఏళ్ళు తగ్గుతాయి, కేర్ వర్కర్ల వంటి ఉద్యోగాల వాళ్ళకి పదిహేనేళ్ళు. పీఆర్ వచ్చాక కూడా పౌరసత్వం దాకా పబ్లిక్ ఫండ్స్ ఇవ్వకూడదా అన్నది కూడా అందులో చర్చకి పెట్టారు. పదేళ్ళంటే మా పాప హైస్కూలు గుమ్మంలో ఉంటుంది. అప్పుడు నర్సరీ గంటలు వచ్చి ఏం లాభం?

నన్ను నిద్ర పోనివ్వనిది మాత్రం ఇది కాదు. అదే పత్రంలో ఇంకో ప్రతిపాదన: పీఆర్‌కి అర్జీ పెట్టేవాళ్ళు కనీసం మూడు నుంచి ఐదేళ్ళపాటు ఏడాదికి 12,570 పౌండ్లకి పైగా సంపాదించి ఉండాలి. భార్యాభర్తల లెక్క కలిపి కాదు, ఎవరిది వారు విడిగా నిరూపించుకోవాలన్నది ఆలోచన. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ళ వంటి వారికి మినహాయింపు ఉండాలా అన్నది కూడా అడిగారు, అది మంచిదే. కానీ సెలవు ఏడాదితో అయిపోతుంది, పిల్లల పెంపకం అయిపోదు కదా! ఈ ముడి ఒకసారి చూడండి. పీఆర్ లేదు కాబట్టి నర్సరీ గంటలు లేవు. గంటలు లేవు కాబట్టి ఉద్యోగం లేదు. ఉద్యోగం లేదు కాబట్టి పీఆర్ లేదు. మావారికి పీఆర్ వచ్చి, ఆయన పిల్లల్ని ఇద్దరినీ ఇంట్లో ఉండి పెంచిన నాకు రాకుండా పోయే రోజుని ఊహించండి. తుది నిబంధనలు ఎలా వచ్చినా, సంప్రదింపులో ఇలాంటి ప్రశ్నలకి మన ఆడవాళ్ళు ఎంతమంది జవాబులు రాశారని నేను పదిమందిని అడిగాను. ఇద్దరు రాశారు. నేను రాసినది చివరి రోజు రాత్రి, పాపని భుజాన వేసుకుని, ఒంటి చేత్తో.

అయితే అందరికీ చెప్పవలసిన మంచి కబురు ఒకటి ఉంది. మనలో చాలామంది వీసా మీదున్న షరతుకి భయపడి హక్కుగా వచ్చేవి కూడా వదులుకుంటున్నారు. ఇంగ్లండులో మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ వారానికి 15 గంటలు ఉచితం, అదీ ఏడాదికి 38 వారాలు. తల్లిదండ్రుల వీసాతో దానికి సంబంధం లేదు, తీసుకుంటే వీసాకి ఏ ఇబ్బందీ రాదు. రెండేళ్ళ పిల్లలకీ, ఆదాయం తక్కువున్న కుటుంబాలయితే, పబ్లిక్ ఫండ్స్ లేని వీసా ఉన్నా 15 గంటలు వస్తాయి. ఇద్దరు, అంతకు మించి పిల్లలున్నవారికి ఆ హద్దు లండన్ బయట ఏడాదికి 30,600 పౌండ్లు, లండన్‌లో 38,600. కేర్ పనికి వచ్చిన మన కుటుంబాలు దీన్ని తప్పక చూసుకోవాలి. అలాగే యజమాని ఇచ్చే స్టాచుటరీ మెటర్నిటీ పే కూడా పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, అది మన ఉద్యోగం మీద వచ్చేది. నాకు తెలిసిన ఒకమ్మాయి అది తీసుకుంటే వీసా పోతుందేమోనని అడగనే లేదు.

ఆ 15 గంటలూ పుట్టినరోజు నాడు మొదలు కావు, మూడేళ్ళు నిండాక వచ్చే టర్ము నుంచి. ఆ టర్ములకి తేదీలు జనవరి 1, ఏప్రిల్ 1, సెప్టెంబరు 1. మా వాడు ఏప్రిల్ 4న పుట్టాడు. నాలుగు రోజులు ముందు పుట్టి ఉంటే ఏప్రిల్‌లోనే మొదలయ్యేవి. నొప్పులు మొదలైన రాత్రి మా అమ్మ ఫోనులో, "తిథి బాగాలేదు, ఇంకో నాలుగు రోజులు ఆగితే బాగుణ్ణు" అని దేవుడికి మొక్కిందట. ఆగాడు మరి! ఇప్పుడు సెప్టెంబరు దాకా ఆగాలి.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలు. అమ్మ ఇంటికెళ్ళి కొన్నాళ్ళుండి మళ్ళీ వస్తానంటోంది. ఏడాదిలో ఇన్ని నెలలే ఉండాలన్న లెక్క నిబంధనల్లో లేదు గానీ, వెంటవెంటనే వస్తూ ఇక్కడే కాపురం పెట్టినట్టు కనిపిస్తే ఆఫీసరు వెనక్కి పంపవచ్చు. ఆమెకి బీపీ ఉంది, విజిటర్లకి ఆసుపత్రిలో చేరితే ఖర్చుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. వద్దని నేనే చెప్పాను. మా మేనేజరుకి ఇంకా జవాబు రాయలేదు, శుక్రవారం లోపు చెప్పమంది. వారానికి రెండు రోజులు ఇంటినుంచి, ఒకరోజు ఆఫీసుకి అని అడిగి చూస్తాను. మావారు ఆ ఒక్కరోజూ ఇంట్లో ఉంటానన్నారు. అమ్మ మాత్రం ఆయనకి రాగిజావ ఉండలు కట్టకుండా కాచడం నేర్పిస్తోంది.