బాలికలు వార్తలు వ్రాయవచ్చునా?



గుంటూరు జిల్లానుండి ఒక సోదరి మాకీ నెల జాబు వ్రాసినది. ఆమె కుమార్తెకు పదమూడేండ్లు. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. చదువు చెప్పుటలో కంప్యూటర్లు, టాబ్లెట్లు, వీడియో పాఠములు మొదలగువాని నెట్లు వాడుకొనవలెనో చర్చించుటకై ఉపాధ్యాయుల సభ యొకటి హైదరాబాదులో జరుగనున్నదట. ఆ సభావిశేషములను ఫోనుతో చిత్రించి, మాటలు పట్టి, పాఠశాలవారి ఇంటర్నెట్టు పుటలో ప్రకటించుటకు నలుగురు విద్యార్థుల నేర్పరచిరట. ఆ నలుగురిలో ఈ పిల్ల యొకతె. దానిమీద ఇంటిలో పెద్ద వాదము బయలుదేరినది. “ఆడపిల్ల మొగము ఊరివారందరి ఫోనులలో తిరుగుట మన యింటా వంటా లేదు” అని అత్తగారు. “రెండు దినముల చదువు పోవును” అని భర్త. పిల్ల అన్నము మాని కూర్చున్నదట. “ఇరువురి మాటయు త్రోసివేయలేను, పిల్ల కన్నీరు చూడలేను. నేనేమి చేయుదును?” అని ఆ సోదరి యడిగినది.

ఇది యొక్క యింటి ప్రశ్న కాదని మాకు తోచినది. కావున ఈ నెల ఈ పుటలను దీనికే వినియోగించుచున్నాము.

ముందుగా ఆ సభలెట్టివో తెలిసికొందము. విద్యాసాధనముల ప్రదర్శనములలో పేరుపడినది లండనులోని బెట్ ప్రదర్శనము; అది 1985లో ఆరంభమైనది. అమెరికాలో ఐ.ఎస్.టి.ఇ. అను సంస్థవారు ఏటేట ఇట్టి మహాసభ జరుపుదురు. ఇట్టి చోట్లకు ఉపాధ్యాయులు వత్తురు, అధికారులు వత్తురు, సరకు అమ్ముకొనువారు వత్తురు. ఏ పిల్లలకొరకు ఇంత సంరంభమో ఆ పిల్లలు మాత్రము చాలవరకు అచ్చట కానరారు. పెండ్లికి ఊరందరిని పిలిచి పెండ్లికూతును మరచినట్లున్నది. ఈ లోపమును కొంత తీర్చుటకే విద్యార్థులను విలేఖరులుగా పంపు నాచారము కొన్నిచోట్ల ఏర్పడినది.

పిల్లలు విలేఖరులగుట నేటి వింత కాదు. 1975లో న్యూయార్కు నగరమున రాబర్టు క్లాంపిట్ అను న్యాయవాది “చిల్డ్రన్స్ ఎక్స్‌ప్రెస్” అను పత్రికను నెలకొల్పెను. పదమూడేండ్లు దాటనివారే అందులో విలేఖరులు; వారికంటె కొంచెము పెద్దపిల్లలు సంపాదకులు. వారి చేతిలోని సాధనము టేపు రికార్డరు. 1976లో డెమొక్రాటిక్ కక్షివారి మహాసభ ఆ నగరముననే జరిగినప్పుడు, కార్టరు తనకు తోడుగా ఉపాధ్యక్షపదవికి మాండేలు నెన్నుకొనెనను వార్తను పెద్ద పత్రికలకంటె ముందు ఈ పిల్లలే పట్టిరి. ఈ బుడుతలకేమి తెలియునని పెద్దలు వారి యెదుట నోరు కట్టుకొనలేదు కాబోలు!

ఇంగ్లండులో బి.బి.సి.వారు “స్కూల్ రిపోర్టు” అను కార్యక్రమము నారంభించి, 2007 మార్చిలో మొదటి వార్తాదినమును జరిపిరి. పదునొకండేండ్లు దాటిన పిల్లలు తమ బడులలోనే వార్తలు సేకరించి, వ్రాసి, చదివి, మధ్యాహ్నము రెండుగంటలకు సిద్ధము చేయవలసియుండెను. రెండు దాటిన తరువాత తెచ్చిన వార్త వార్త కాదు. గడియారమునకు లోబడి పనిచేయుట, వ్రాసినదానిలో సగము కొట్టివేయుట, నలుగురు కలిసి యొక మాటమీదికి వచ్చుట, ఇవి పిల్లలకు దానివలన అలవడినవి. 2018లో దాని పేరు “యంగ్ రిపోర్టర్” అని మారినది.

మనకు దగ్గరి దృష్టాంతము నొకటి చెప్పెదము. 2006లో బంగ్లాదేశపు ఢాకానగరమునందలి జూలీ లిండ్సే, అమెరికాలోని జార్జియా రాష్ట్రమున విక్కీ డేవిస్ అను నిరువురు ఉపాధ్యాయినులు తమ తరగతులను ఇంటర్నెట్టుద్వారా కలిపి “ఫ్లాట్ క్లాస్‌రూమ్” అను పని ఆరంభించిరి. రెండు దేశముల పిల్లలు ఒకే పుటను కలిసి వ్రాసిరి. ప్రతి విద్యార్థియు వీడియో యొకటి తీయవలెను. అందులో నొక ముక్క మాత్రము ఆవలిదేశపు విద్యార్థి నడిగి తెప్పించుకొని తీరవలెను. ఒకరిమీద నొకరు ఆధారపడుట ఇట్లు నేర్పిరి. 2009లో ఖతారు దేశపు దోహాలో జరిగిన వారి సభలో ఉపాధ్యాయులతోబాటు విద్యార్థులును సభ్యులై పనిచేసిరి.

సరే, దీనివలన మన పిల్లకేమి లాభము? రెండు దినముల చదువు పోవునని తండ్రిగారి భయము. మేమనునది, ఆ రెండు దినములును చదువేయని. ఒకడు ప్రదర్శనశాలలో నిలిచి “మా యంత్రముతో పిల్లలకు లెక్కలు సగము కాలములో వచ్చును” అని చెప్పుచున్నాడనుకొనుడు. పెద్దలు తలయూపి సాగిపోవుదురు. విలేఖరియైన బాలిక మాత్రము అడుగవలసియున్నది: “అయ్యా, ఎందరు పిల్లలమీద పరీక్షించితిరి? ఎవరు పరీక్షించిరి? కరెంటు లేని యూరిలో ఇదెట్లు నడచును? ఇంటికొక్క ఫోనే యున్నచోట అన్న చదువవలెనా, చెల్లెలు చదువవలెనా?” ఈ కడపటి ప్రశ్న పుస్తకములో దొరకదు. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు మన యిండ్లలో ఆ ఫోను ముందుగా నెవరి చేతికి పోయినదో తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. అనుభవించిన పిల్లయే అడుగగల ప్రశ్న అది.

ఆ ప్రశ్నలు తేలికవి కావు. 2023 జులైలో యునెస్కోవారు విద్యలో సాంకేతిక సాధనములనుగూర్చి ప్రకటించిన ప్రపంచ నివేదికకు, ఈ సాధనము ఎవరి షరతులమీద నడువవలెను అను ప్రశ్ననే పేరులో నుంచిరి. ఈ సాధనములవలన చదువునకు కలుగు అదనపు మేలునకు గట్టి నిదర్శనములు చాల తక్కువగా నున్నవని వారు వ్రాసిరి. బ్రిటనులో ఇట్టి సరకు చేయు కంపెనీలలో నూటికి 7 మాత్రమే, పిల్లలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు సాధనమిచ్చి, రెండవదానితో పోల్చిచూచు పరీక్ష జరిపినవట. కనుక “ఎవరు పరీక్షించిరి?” అను బాలిక ప్రశ్న అమాయకమైనది కాదు, అడుగవలసిన మొదటి ప్రశ్న.

ఇక అత్తగారి భయము. దానిని మేము మూఢత్వమని త్రోసివేయము. ఇంటర్నెట్టులో వేసిన బొమ్మ గోడమీది సున్నపురాత కాదు తుడిచివేయుటకు. ఒకసారి చేజారినచో ఎవరెవరి ఫోనులలో దాగునో తెలియదు. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి నందరిని బాలలుగనే యెంచినది. వారి వివరములు సేకరించి వాడుకొనువారు తలిదండ్రుల సమ్మతి పొందవలెనని విధించినది. కాబట్టి పెద్దవారు సందేహించుట న్యాయమే. అయితే సందేహమునకు మందు పిల్లను నిలిపివేయుట కాదు, షరతులు పెట్టుట.

ఆ షరతు లివి. మొదటిది: వార్త పాఠశాలవారి పుటలోనే రావలెను గాని పిల్ల సొంత పేర తెరచిన పుటలో రాకూడదు, ఉపాధ్యాయిని చూచిన పిదపనే ప్రకటింపవలెను. రెండవది: పిల్ల యింటి పేరు, ఊరు, ఫోను సంఖ్య, బడికి పోయివచ్చు వేళలు అందులో నుండరాదు. మూడవది: ముఖము చూపుట యిష్టములేనిచో గొంతు చాలును, వార్తకు ప్రాణము మాటలోనున్నది. నాలుగవది: ఎవరి బొమ్మ తీసినను, ఎవరి మాట పట్టినను ముందుగా వారి యనుమతి నడుగవలెను. తన మొగముమీద తనకెంత హక్కో ఇతరుల మొగముమీద వారికంత హక్కని పిల్ల యెరుగవలెను. అయిదవది: పుటక్రింద అపరిచితులు వ్యాఖ్యలు వ్రాయు వీలును మూసియుంచవలెను. ఈ యైదింటిని కాగితముమీద వ్రాసి పాఠశాలవారిచే ఒప్పించుకొనుడు. ఒప్పుకొననిచో, అప్పుడు మీ అత్తగారి మాటయే నెగ్గును. మేమును ఆమె పక్షమే.

“మన యింటా వంటా లేదు” అను మాటకు మాత్రము ఒక చిన్న సమాధానము గలదు. మన తెలుగునేలమీదనే, నేటి సంగారెడ్డి జిల్లాలోని మాచనూరులో, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో బయలుదేరినది. దానిని నడపుచున్నవారు పల్లెటూరి దళిత స్త్రీలు. ఆ సంఘములలోని స్త్రీలే, చదువురానివారు సైతము, కెమెరాలు పట్టి తమ చిరుధాన్యపు పంటలనుగూర్చి వీడియోలు తీసిరి. వారి గొంతు ఊరూర వినబడుటవలన వారి గౌరవము పెరిగినదే కాని తరుగలేదు.

సోదరీ, ఇపుడు మీరు చేయవలసినది చెప్పెదము. సభకింకను దినములున్నవి గదా. పిల్లను లేపి అన్నము పెట్టి, మొదటి వార్త ఇంటిలోనే వ్రాయుమనుడు. ఆమె మొదట ప్రశ్నింపవలసినది నాయనమ్మనే. “నాయనమ్మా, నీ మాటలు ఫోనులో పట్టవచ్చునా?” అని అనుమతి యడుగవలెను. “నీవెంతవరకు చదివితివి? ఎందుకు మానితివి? మానిననాడు నీకేమనిపించినది?” అని మూడే ప్రశ్నలు. నడుమ అడ్డురాక చివరివరకు వినవలెను. పిమ్మట రెండు నిమిషములకు కుదించి, ఆమెకే వినిపించి, “నేను తప్పు పట్టితినా?” అని యడుగవలెను. ఆమె కాదన్న మాటను తీసివేయవలెను. ఇంతే విలేఖరి ధర్మము. హైదరాబాదులోనైనను లండనులోనైనను ఇంతకంటె లేదు.

తన మాట నింత శ్రద్ధగా విన్న మనుమరాలిని ఆ పెద్దామె తరువాతను వలదనునో, పొమ్మనునో మేము చెప్పజాలము. కాని ఆ నిర్ణయమప్పుడు భయముచేత గాక తెలివిడితో జరుగును. మీరు మరల జాబు వ్రాయుడు. పిల్ల సభకు పోయివచ్చినచో, ఆమె యడిగిన ప్రశ్నలేవో, పెద్దలు చెప్పిన ఉత్తరములేవో మాకును తెలుపుడు. మన చదువరు లందరును వినగోరుదురు.