పట్టా ఒకటి, బ్రతుకుతెరువు ఒకటి

పదవ తరగతి ఫలితాలు వెలువడినంతనే మావంటి అధ్యాపకుల గుమ్మాల ముందు తలిదండ్రులు వచ్చి నిలుచుంటారు. "మాస్టారూ, మావాణ్ణి ఏ గ్రూపులో చేర్పించమంటారు?" అని అడుగుతారు. నిజానికి వారడిగేది గ్రూపును గురించి కాదు. పదిహేనేండ్ల వయస్సులో తమ బిడ్డ ఎన్నుకొన్న చదువు వాడికి జీవితాంతం అన్నం పెడుతుందా అన్నదే వారి ప్రశ్న. చదివిన చదువే చేసే ఉద్యోగమవుతుందన్న నమ్మకం ఆ ప్రశ్న వెనుక ఉన్నది. ఆ నమ్మకంలో నిజమెంతో విచారించవలసిన సమయం వచ్చింది.

చరిత్రను చూస్తే ఈ నమ్మకానికి ఆధారం తక్కువ. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటినుండి బి.ఏ. పట్టా సర్కారు కొలువుకు ప్రవేశపత్రమే అయింది. తత్త్వశాస్త్రం చదివినవాడు రెవిన్యూ కచ్చేరీలో లెక్కలు చూశాడు. చరిత్ర చదివినవాడు తహసీలుదారు అయినాడు. ఈ రెంటికీ సంబంధమేమని ఎవ్వరూ అడుగలేదు. నేటికీ సివిల్ సర్వీసు పరీక్షకు ఏదో ఒక పట్టా ఉంటే చాలును.

మన సాహిత్యమూ మన విజ్ఞానమూ చెప్పే సాక్ష్యం కూడా ఇదే. శ్రీశ్రీ పట్టభద్రుడైనది జంతుశాస్త్రంలో. పేరు పొందినది కవిత్వంలో. కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్రం చదువుతూ, కాశీలో ఎం.ఎస్‌సి. పూర్తి చేయకుండానే వెనుదిరిగి, కథకుడై, 1952 నుండి 1980 వరకు 'చందమామ'ను తీర్చిదిద్దినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు ఉద్యోగాన్వేషణలో కలకత్తా వెళ్లి, అక్కడి గణాంకశాస్త్ర సంస్థలో చేరి, ఆ శాస్త్రంలోనే జగద్విఖ్యాతుడైనాడు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానం ఆయనను వరించింది.

"వారు మహానుభావులు, మా పిల్లలు సామాన్యులు" అని మీరనవచ్చును. ఆ మాట న్యాయమైనదే. మహనీయుల కథలతో సామాన్యుని ఓదార్చడం నా ఉద్దేశం కాదు. ఒక్క విషయం మాత్రం గమనించండి. వీరు ముందు చదివిన చదువు వ్యర్థం కాలేదు. కుటుంబరావు వ్యాసాలలో హేతుబద్ధమైన చూపు శాస్త్రవిద్యార్థి చూపే. గణితంలో గట్టి పునాది లేకుంటే రావు గణాంకాలలో అంత ఎత్తు కట్టగలిగేవాడు కాదు. వారు ఒక ఒడ్డున కాళ్లు స్థిరంగా ఆనించి, తరువాత రెండవ ఒడ్డుకు దాటినారు.

నేటి మన యువకుల సంగతి ఇట్లా ఉన్నదా? 1998లో హైదరాబాదున హైటెక్ సిటీ వెలసిన తరువాత, సాఫ్ట్‌వేర్ సంస్థలు సివిల్, మెకానికల్ అన్న భేదం లేకుండా ఇంజనీరింగు పట్టభద్రులను చేర్చుకొని, కొన్ని నెలలలో తమకు కావలసిన పని నేర్పుకొన్నవి. 2008లో ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఫీజుల చెల్లింపు పథకం పేదయింటి బిడ్డకు ఆ తలుపులు తెరిచింది. ఆ మేలును కాదనడం కృతఘ్నత. కాని కళాశాలలు పెరిగినంత వేగంగా ప్రయోగశాలలు పెరుగలేదు, బోధించేవారు పెరుగలేదు. ఏ శాఖ చదివినా చేరేది కంప్యూటరు ముందరికే అయినప్పుడు, ఆ శాఖను శ్రద్ధగా నేర్వడమెందుకన్న ఉదాసీనత పెరిగింది. క్రమంగా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గి కంప్యూటరు సీట్లు పెరిగినవి. ఒక్కొక్క శాఖలో సీట్ల సంఖ్యకున్న గరిష్ఠ పరిమితిని 2024-25 నుండి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఎత్తివేసింది. పట్టాకూ ఉద్యోగానికీ పొత్తు కుదర్చడానికి ఇది మార్గమని కొందరి వాదన. నేటి గిరాకీని చూసి నేడు చేరినవాడు నాలుగేండ్లకు గాని బయటికి రాడు. అప్పటి గిరాకీ ఏమిటో ఎవరికి తెలుసును?

మా వీధి యువకుడొకడు మొన్న పోటీ పరీక్షకోసం వ్రాసిన వ్యాసం దిద్దించుకొనడానికి మా ఇంటికి వచ్చినాడు. మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడు. "లేత్ మీద ఏమేమి పనులు చేశావు నాయనా?" అని అడిగినాను. "పాడైన లేత్ చుట్టూ నిలబడి రికార్డు వ్రాసుకొన్నాం మాస్టారూ, అంతే" అన్నాడు. కొంతసేపు తల వంచుకొని, "నా చదువుకు నాన్న అరయెకరం అమ్మినాడు" అన్నాడు. నేను మారు పలుకలేకపోయినాను. ఎనిమిదేండ్ల క్రిందట అతని తండ్రి వచ్చి అడిగినప్పుడు, "అందరూ ఎం.పి.సి.లోనే చేరుతున్నారు, చేర్పించండి" అన్నది నేనే. పిల్లవానికి ఏది ఇష్టమో ఆనాడు నేను అడుగలేదు.

దాటినవాడు వేరు, కొట్టుకొనిపోయినవాడు వేరు. ఇద్దరూ చేరినది ఒకే ఒడ్డు కావచ్చును. ఒకడు చదువును వెంట తెచ్చుకొన్నాడు. రెండవవాడు పట్టాను మాత్రమే తెచ్చుకొన్నాడు. వైద్యంవంటి విద్యలలో చదువుకూ వృత్తికీ పొత్తు తప్పనిసరి. అక్కడ దారి మారితే సమాజానికే నష్టం. తక్కిన చదువులలో ఉద్యోగం మారడం దోషం కాదు. ఏదీ నేర్వకుండా మారవలసి రావడమే దోషం. 2020 జాతీయ విద్యావిధానం విజ్ఞానశాస్త్రాలనూ కళలనూ కలిపి చదువుకొనవచ్చునన్నది. మంచి మాటే. బోధించేవాడు, గ్రంథాలయం, పనిచేసే పరికరం లేనిచోట రెండు చదువులు కలిపితే రెండూ రాకుండా పోతవి.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. రాబోయే వేసవిలో తలిదండ్రులు మీ గుమ్మంలో నిలిచినప్పుడు, వారి వెనుక మౌనంగా నిలుచున్న పిల్లవాణ్ణి ముందుకు పిలవండి. ఎవ్వరూ చెప్పకుండానే నీవు చేసే పని ఏది, ఏ పుస్తకం తెరిస్తే నీకు ఆకలి గుర్తుండదు అని అడగండి. ఆ తరువాత, మీరనుకొన్న కళాశాలలో లేత్ తిరుగుతున్నదో లేదో ఒకసారి పోయి చూసి రమ్మని ఆ తండ్రికి చెప్పండి. ఆనాడు నేను చెప్పవలసిన మాటలు ఇవే.